గ్యారంటీ క్యాబిన్ అంటే దేనికి గ్యారంటీ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఓడ ప్రయాణం గురించే. సంక్రాంతికి వచ్చిన కూతుళ్లూ అల్లుళ్లూ తిరిగి వెళ్లాక మన ఇళ్లలో వేసవి ప్రయాణాల లెక్కలు మొదలవుతాయి కదా, ఆ లెక్కల్లోకి ఈమధ్య సింగపూర్ నుంచి బయల్దేరే క్రూజ్ కూడా వచ్చి చేరింది. అందరూ తిప్పి తిప్పి ఒకే మాట దగ్గర ఆగారు: 'గ్యారంటీ క్యాబిన్'. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. మిగతా ఉత్తరాలకి వచ్చే నెల తప్పకుండా జవాబిస్తాను.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మా వారి షష్టిపూర్తికి పిల్లలు మా ఇద్దరినీ సింగపూర్ నుంచి 4 రాత్రుల క్రూజ్‌కి పంపిస్తామంటున్నారు. ఏజెంటు రెండు రేట్లు చెప్పాడు. బాల్కనీ గది, నంబరు మనమే ఎంచుకుంటే మనిషికి 78,000 రూపాయలు. అదే బాల్కనీ 'గ్యారంటీ' అయితే 69,500. గ్యారంటీ ఉన్న వస్తువుకి ఎక్కడైనా ధర ఎక్కువ ఉంటుంది, ఇక్కడ తక్కువ ఏమిటండీ? ఇందులో ఏదైనా మోసం ఉందా?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: టీచరుగారూ, మోసం లేదండి. ఆ పేరే మనల్ని తికమక పెడుతోంది. మీరు ఎప్పుడైనా రైల్లో ఫస్ట్ ఏసీ టికెట్ తీసుకుంటే గమనించే ఉంటారు, టికెట్ మీద కన్ఫర్మ్ అని ఉంటుంది, కానీ ఏ కూపే, ఏ బెర్తు అన్నది ఉండదు, చార్టు తయారయ్యాకే తెలుస్తుంది. ఫస్ట్ ఏసీలో చోటు మాత్రం ఖాయం. క్రూజ్‌లో గ్యారంటీ క్యాబిన్ కూడా అచ్చంగా అంతే. మీరు డబ్బు కట్టేది గది రకానికి, గది నంబరుకి కాదు. ఓడల్లో గదులు మామూలుగా నాలుగు రకాలు: కిటికీ లేని లోపలి గది, కిటికీ ఉన్న ఓషన్ వ్యూ, బాల్కనీ, అన్నిటికన్నా పై రకమైన సూట్. మీరు బాల్కనీ గ్యారంటీ తీసుకుంటే బాల్కనీకి తగ్గకుండా ఇస్తామని కంపెనీ హామీ. అంతకు మించిన రకం ఇచ్చినా ఇవ్వచ్చు. ఎన్నో డెక్కు (అంటే ఓడలో అంతస్తు), ముందా వెనకా, లిఫ్టుకి దగ్గరా దూరమా అన్నది పూర్తిగా వాళ్లిష్టం.

ఇక ధర ఎందుకు తగ్గుతుందంటే, ఖాళీ గదితో ఓడ రేవు దాటిందంటే ఆ గది మీద రావాల్సిన డబ్బు ఇక ఎప్పటికీ రాదు. అందుకని ఓడ నింపడమే వాళ్ల మొదటి పని. మనం మ్యాపు చూసి గదులు ఎంచుకుంటూ పోతే మధ్యలో ఉన్న మంచి గదులన్నీ ముందే అయిపోయి, చివర్లోవి, వంట హాలు కిందవి, పక్క గదికి తలుపున్నవి మిగిలిపోతాయి. గ్యారంటీ కింద అమ్మితే వాటిని ఎవరికి ఇవ్వాలో వాళ్లే తేల్చుకోవచ్చు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఉదాహరణకి ఒక ఓడలో లోపలి గదులు 200 ఉన్నాయనుకోండి, గ్యారంటీ పేరుతో 210 బుకింగులైనా తీసుకోవచ్చు. కొందరు ఎలాగూ రద్దు చేసుకుంటారు, ఇంకా మిగిలిన ఇద్దరు ముగ్గురిని అమ్ముడుపోని కిటికీ గదుల్లోకి జరిపేస్తారు. ఇలా అటూ ఇటూ సర్దుకునే వీలు మీరు వాళ్లకి ఇస్తున్నారు, దానికి బదులుగా వాళ్లు ధర తగ్గిస్తున్నారు. మీ లెక్కలో ఆ వీలు ఖరీదు ఇద్దరికీ కలిపి 17,000.

ఇప్పుడు ఆ పదిహేడు వేలు తీసుకోవాలా, గది ఎంచుకోవాలా? ఏ ఓడదైనా డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే మ్యాపు, ఆ కంపెనీ సైట్‌లోనే దొరుకుతుంది. మీ అబ్బాయిని తెరవమని, బాల్కనీ గదుల్లో మీకు అన్నిటికన్నా నచ్చని గది ఏదో వెతకండి. ఓడ ముక్కు దగ్గర ఆఖరి గదో, పైన ఈత కొలను ఉన్నదో. 'ఇదే మాకు వచ్చింది' అనుకుని నాలుగు రాత్రులు అందులో ఊహించుకోండి. పర్వాలేదు అనిపిస్తే గ్యారంటీ తీసుకోండి, బాగా కలిసొస్తుంది. గుండె కలుక్కుమంటే మాత్రం ఆ 17,000 కట్టేయండి. షష్టిపూర్తి మళ్లీ రాదు కదండీ.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మా అమ్మ విషయంలో నేను ఈ పని చెయ్యలేదు. మూడేళ్ల కిందట అమ్మని తీసుకుని వెళ్లాను. ఓషన్ వ్యూ గ్యారంటీ తీసుకున్నాను, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. బయల్దేరడానికి అయిదు రోజుల ముందు నంబరు వచ్చింది, కిటికీ గదే, మాట తప్పలేదు. తలుపు తీసి కిటికీ తెర లాగితే ఎదురుగా నారింజ రంగు లైఫ్‌బోటు. కిటికీలో మూడొంతులు అదే, పైన జానెడు ఆకాశం, ఒక మూల అరచేతంత నీళ్లు. ఓడ కాస్త ఒరిగినప్పుడల్లా ఆ పడవని మోసే ఇనుప చేతులు కిర్రుమనేవి. మా అమ్మ పుట్టింది అంతర్వేది పక్కన, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూస్తూ పెరిగిన మనిషి. మంచం మీద కూర్చుని ఆ కిటికీ వంక కాసేపు చూసి ఏమీ అనకుండా చెప్పులేసుకుంది. మూడు రోజులూ తెల్లవారుజామున శాలువా కప్పుకుని పై డెక్ మీద కుర్చీలోనే ఉంది. రిసెప్షన్‌లో అడిగితే ఓడ నిండిపోయింది, మార్చలేమన్నారు. తర్వాత కాగితాలు తీసి చూస్తే 'చూపు అడ్డు ఉన్న గదులు కూడా ఈ ధరలో వస్తాయి' అని ఒక వాక్యం ఉంది. అది నేను ముందే చదవాల్సింది.

కాబట్టి ఏజెంటుని తప్పకుండా అడగండి: ఈ గ్యారంటీలో అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ గదులు కలుస్తాయా? బాల్కనీ అయితే సముద్రం వైపేనా? కొన్ని పెద్ద ఓడల్లో బాల్కనీలు ఓడ లోపలి తోట వైపు కూడా ఉంటాయి, అవీ బాల్కనీలే. నోటిమాట కాకుండా వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

ప్రశ్న: మేము ముగ్గురు అన్నదమ్ములం, చెరువుల వ్యాపారం. మూడు కుటుంబాలూ, మా నాన్నగారు, అమ్మ కలిపి మొత్తం 11 మంది, నాలుగు గదులు. అన్నీ గ్యారంటీలో తీసుకుంటే లక్షకి దగ్గరగా మిగులుతుంది. పక్కపక్కనే ఇమ్మని ఒక మాట చెబితే ఇవ్వరా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: చెప్పచ్చండి, రాసుకుంటారు కూడా, ఇస్తారన్న నమ్మకం మాత్రం లేదు. నాలుగు బుకింగులనీ కలిపి చూపించే ఏర్పాటు చాలా కంపెనీల్లో ఉంది, దానివల్ల భోజనాల టేబులు ఒకచోట పడటం తేలికవుతుంది. గదులు ఒకచోట పడతాయని కాదు. ఒకరికి 6వ డెక్కు ముందు వైపు, ఒకరికి 10వ డెక్కు వెనక వైపు వచ్చిందనుకోండి, ఈ ఓడల్లో కొన్ని 300 మీటర్ల పైనే పొడవుంటాయి, మీ నాన్నగారికి రాత్రి మందు ఇవ్వాలంటే మీ ఇంటి దగ్గర్నుంచి సెంటరు దాకా నడిచినట్టే.

లక్ష తక్కువ డబ్బు కాదు, వదులుకోమనను. మధ్యే మార్గం ఉంది. అమ్మానాన్నల గది, వాళ్లని చూసుకునే వాళ్ల గది, ఈ రెండింటికీ నంబర్లు ఎంచుకోండి, మధ్యలో తలుపున్న కనెక్టింగ్ గదులు దొరికితే ఇంకా మంచిది. (అదే తలుపు పక్కన తెలియనివాళ్లుంటే నరకం, మాటలన్నీ వినిపిస్తాయి. ఇదీ గ్యారంటీలో వచ్చే ఇబ్బందే.) మిగతా రెండు గదులూ గ్యారంటీకి వదిలేయండి. కుర్రాళ్లు ఎలాగూ గదిలో ఉండరు. లోపలి గది చాలనుకుంటే ఇంకా మిగులుతుంది.

ఒక్క జాగ్రత్త. ముగ్గురు, నలుగురు ఉండే గదికి ఆ సంఖ్య మొదటే చెప్పి బుక్ చెయ్యాలి. 'ఇద్దరికి తీసుకుని తర్వాత పిల్లాడిని చేరుద్దాం' అంటే కుదరకపోవచ్చు, ఎందుకంటే మూడో పడక ఉన్న గదులు కొన్నే ఉంటాయి, పైగా ఓడలో ఏ భాగంలో ఎంతమంది ఉండాలన్నది లైఫ్‌బోట్లలో ఉన్న చోటుని బట్టి కూడా లెక్క కడతారు. గదిలో ఖాళీ ఉన్నా ఒప్పుకోరు. మూడో మనిషికి, నాలుగో మనిషికి రేటు మొదటి ఇద్దరికన్నా బాగా తక్కువ ఉండటం మామూలే, అది కూడా కనుక్కోండి.

ప్రశ్న: మా ప్రయాణం ఇంకా 12 రోజులే ఉంది. డబ్బు మొత్తం కట్టి రెండు నెలలైంది. కాగితం మీద గది నంబరు ఉండాల్సిన చోట 'జీటీవై' అని మూడక్షరాలున్నాయి. ఏజెంటు 'వస్తుందండీ, వస్తుంది' అంటున్నాడు. మా ఆవిడకి టెన్షన్‌తో నిద్ర లేదు. గది లేకుండా పోతుందా?
— ఒక పాఠకుడు, యానాం

జవాబు: గది లేకుండా పోదండి, ముందు ఆ మాట మీ ఆవిడగారికి చెప్పండి. ఆ మూడక్షరాలు గ్యారంటీకి పొట్టి పేరు. బుకింగ్ కన్ఫర్మ్ అయి, డబ్బు పూర్తిగా కట్టిన రసీదు మీ చేతిలో ఉంటే మీ చోటు మీదే. నంబరు బుక్ చేసిన మర్నాడే రావచ్చు, వారం ముందు రావచ్చు, రేవులో చెక్-ఇన్ దగ్గర చేతిలో పెట్టడం కూడా ఉంది. అందరూ చివరి డబ్బు కట్టే గడువు దాటాక, రద్దులన్నీ తేలాక సర్దుబాటు మొదలుపెడతారు, అందుకే ఆలస్యం. ఆ గడువు కంపెనీని బట్టి, ఎన్ని రాత్రుల ప్రయాణం అన్నదాన్ని బట్టి మారుతుంది, పెద్ద ప్రయాణాలకి మామూలుగా రెండున్నర మూడు నెలల ముందే ఉంటుంది.

ఏజెంటు చెప్పేదాకా ఆగకండి. కంపెనీ యాప్‌లో మీ బుకింగ్ నంబరు, పేరు కొడితే మీకే కనిపిస్తుంది, నంబరు పడగానే అక్కడే ముందు తెలుస్తుంది. ఆన్‌లైన్ చెక్-ఇన్ గది నంబరు లేకుండానే చాలా కంపెనీల్లో పూర్తవుతుంది, అది ఇప్పుడే చేసేయండి, ఆలస్యం చేస్తే ఓడెక్కే టైము మధ్యాహ్నం ఎండలో పడుతుంది. పెట్టెలకి కట్టే ట్యాగుల మీద గది నంబరు ఉంటుంది, అది రాకపోతే ట్యాగులు రేవులోనే ఇస్తారు, మీ పేరు చెబితే కూలీలు రాసి కడతారు. రాత్రికి కావలసిన మందులు, ఒక జత బట్టలు మాత్రం చేతిసంచిలోనే పెట్టుకోండి, పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది.

మీ ఊరి పక్కనే ఉన్న కోరంగి నుంచి ఒకప్పుడు మనవాళ్లు రంగూన్ ఓడలెక్కారు, బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలనే పిలిచేవారు. వాళ్లలో ఎంతోమందికి గది మాటే లేదు, డెక్ మీద చాప పరుచుకోవడమే. మీ ఉత్తరం చదువుతుంటే ఎందుకో అది గుర్తొచ్చింది.

ప్రశ్న: గ్యారంటీ తీసుకుంటే పై రకం గదికి ఉచితంగా మారుస్తారని మా తోడికోడలు చెప్పింది. వాళ్లు లోపలి గది తీసుకుంటే కిటికీ గది వచ్చిందట. మేమూ లోపలి గది తీసుకుని బాల్కనీ కోసం చూడచ్చా?
— ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: మీ తోడికోడలుగారికి వచ్చింది నిజమే అయ్యుంటుంది, అలా వస్తాయి. కానీ దాన్ని నమ్ముకుని డబ్బు కట్టకండమ్మా. లోపలి గదికి డబ్బు కడితే లోపలి గదికే సిద్ధపడి వెళ్లండి. వేసవి సెలవుల్లో, డిసెంబరు ఆఖరులో ఓడలు నిండిపోతాయి, అప్పుడు పైకి జరపడానికి ఖాళీలే ఉండవు. సెలవులు లేని నెలల్లో కాస్త అవకాశం ఎక్కువ.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. పై రకం అంటే మంచి గది అని కాదు. మధ్యలో, కింది డెక్కులో ఉన్న కిటికీ గది ఓడ ఊగినా అంతగా కదలదు. దాన్నుంచి మిమ్మల్ని ముక్కు చివర బాల్కనీకి జరిపితే కాగితం మీద పైకి వెళ్లినట్టే, రాత్రి మాత్రం కడుపులో తిప్పుతుంది. వచ్చిన గది వద్దనే హక్కు గ్యారంటీ వాళ్లకి సాధారణంగా ఉండదు.

ఒకవేళ ప్రయాణానికి ముందు 'ఇంత కడితే పై గది ఇస్తాం, మీరెంత ఇస్తారు' అని వేలంపాటలా మెయిల్ వస్తే తొందరపడి అంకె కొట్టకండి. ఆ అంకె చాలా కంపెనీల్లో గదికి కాదు, మనిషికి. వాళ్లు ఒప్పుకున్న క్షణంలో కార్డు నుంచి డబ్బు పోతుంది, తిరిగి రాదు. అప్పుడు కూడా గది నంబరు వాళ్లిష్టమే.

ప్రశ్న: సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కితేనే మా అత్తయ్యగారికి కళ్లు తిరుగుతాయి. మోకాళ్ల నొప్పులు కూడా. మా ఆడపడుచు పట్టుబట్టి క్రూజ్ బుక్ చేస్తానంటోంది, గ్యారంటీ రేటు అయితేనే అందరికీ కుదురుతుందట. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: మీ అత్తయ్యగారి గదికి గ్యారంటీ వద్దేవద్దు. ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

పంటు మీద మీరే చూసుంటారు, కెరటం వచ్చినప్పుడు ముందు అంచున నిలబడ్డవాళ్లు లేచి పడతారు, మధ్యలో మోటారు సైకిళ్ల పక్కన నిలబడ్డవాళ్లకి అంత తెలియదు. పెద్ద ఓడ కూడా అంతే. ముందూ వెనకా ఎక్కువ ఊగుతుంది, పై డెక్కులు ఇంకా ఎక్కువ ఊగుతాయి, మధ్యలో కింది డెక్కులు తక్కువ. కాబట్టి ఆవిడకి కావలసింది ఓడ పొడవులో నడిమధ్యన, నీటికి దగ్గరగా ఉన్న గది. మోకాళ్ల సంగతి చూస్తే లిఫ్టుకి నాలుగైదు గదుల దూరంలో ఉండాలి, మరీ ఆనుకుని ఉంటే రాత్రంతా జనం మాటలు. వీటిలో ఒక్కటి కూడా గ్యారంటీలో అడిగి పుచ్చుకునేది కాదు. మధ్యలో కింది డెక్కులో కిటికీ గది ధర చూసి ఎక్కువ అనిపిస్తే, అదే చోట కిటికీ లేని గది నంబరు ఎంచుకోండి. పై డెక్కు చివర గ్యారంటీ బాల్కనీ కన్నా ఆవిడకి అదే హాయి. చీకటి గదిలో ఉండలేరనుకుంటే మాత్రం కిటికీ తీసుకోండి. చక్రాల కుర్చీ అవసరమైతే దానికి వేరే గదులుంటాయి, వెడల్పు తలుపు, బాత్రూములో పట్టుకునే కడ్డీలు, వాటిని విడిగా అడిగి నంబరుతోనే బుక్ చెయ్యాలి.

చెప్పాల్సింది ఇంకొకటి. కింద గదీ పైన గదీ కూడా చూడండి. మీ గదికి పైనా కిందా గదులే ఉంటే ప్రశాంతం. పైన ఈత కొలను డెక్కు ఉంటే తెల్లారకుండానే కుర్చీలు ఈడుస్తారు, పైన భోజనాల హాలుంటే ట్రాలీ చక్రాలు, కింద థియేటరుంటే అర్ధరాత్రి దాకా దరువు. డెక్ ప్లాన్‌లో తెల్లగా, పేరు లేకుండా వదిలేసిన జాగాలుంటాయి, అవి సిబ్బంది పనిచేసే చోట్లు, వాటి పక్క గదులూ తప్పించండి. కళ్లు తిరగడానికి మందు మీ డాక్టరుగారిని అడిగి ఓడెక్కే ముందే వేయించండి, తిప్పడం మొదలయ్యాక వేస్తే అంత పని చెయ్యదు.

మీ ఆడపడుచుగారి గది గ్యారంటీలో తీసుకోమనండి, లెక్క సరిపోతుంది.

ప్రశ్న: గ్యారంటీ ధరకి బుక్ చేశాను. పది రోజులకి అదే ఓడ, అదే రకం మనిషికి 6,000 తగ్గింది. గ్యారంటీ ధర అన్నారు కదా, తేడా వెనక్కి ఇవ్వాలి కదా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అక్కడే పొరపాటు పడుతున్నారండి, మీరొక్కరే కాదు, ఈ నెల నలుగురు ఇదే రాశారు. ఇది 'ధర గ్యారంటీ' కాదు, 'గది రకం గ్యారంటీ'. ధర తగ్గితే తేడా ఇస్తామనే పథకం కొన్ని కంపెనీలకి విడిగా ఉంటుంది, దానికి దీనికి సంబంధం లేదు.

అయినా దారి మూసుకుపోలేదు. చివరి డబ్బు కట్టే గడువు ఇంకా దాటకపోతే ఈరోజే ఏజెంటుకి ఫోన్ చేసి కొత్త రేటుకి మార్చమని అడగండి. మీ అడ్వాన్సు వెనక్కి వచ్చే రకమైతే మార్చడం తేలిక. వెనక్కి రాని రకమైతే, చవక రేట్లలో అదే ఎక్కువ, తేడాకి బదులు ఓడలో ఖర్చుపెట్టుకునే క్రెడిట్ అయినా ఇస్తారేమో అడగండి. గడువు దాటాక అడిగి లాభం లేదు. కొత్త రేటులో ఏమేం కలిశాయో కూడా చూడండి. రేవు పన్నులు, సిబ్బందికి మనిషికి రోజుకి ఇంత అని వేసే టిప్పులు పక్కన పెట్టి పైకి తక్కువ అంకె చూపించడం బాగా అలవాటు. ఆ రెండూ మీరు గది ఎంచుకున్నా, గ్యారంటీ తీసుకున్నా తగ్గవు. మొత్తం కలిపిన అంకెతోనే పోల్చండి. ఏజెంటు టీసీఎస్ (విదేశీ ప్యాకేజీ మీద ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటే రసీదు దాచుకోండి, రిటర్ను వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది.

ప్రశ్న: ఒంటరిగా వెళ్లాలని ఉంది. గ్యారంటీ లోపలి గది రేటు చూసి సంతోషపడ్డాను, ఏజెంటు దాదాపు రెట్టింపు చెప్పాడు. ఒక్కదానికి ఒక్క రేటే కదా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ప్రకటనలో మనిషికి అని రాసే రేటు, గదిలో ఇద్దరున్నారనుకుని వేసింది. ఒక్కరే ఉంటే రెండో మనిషి డబ్బులో కొంత, చాలాసార్లు మొత్తం, మీ మీదే వేస్తారు. నాకు ఇది ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. ఒంటరిగా వచ్చేవాళ్ల కోసమే చిన్న స్టూడియో గదులు పెట్టిన ఓడలున్నాయి, 2010లో వచ్చిన నార్వీజియన్ ఎపిక్ ఓడతో ఆ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. అలాంటిది మీకు దొరక్కపోతే గ్యారంటీ లోపలి గదే మీకు సరైనది. రెట్టింపు కట్టేటప్పుడు తగ్గింపు కూడా రెట్టింపు పడుతుంది, పైగా మీరొక్కరే కాబట్టి ఎవరి పక్కన పడాలన్న బెంగ లేదు. వెళ్లి రండి.

ప్రశ్న: ఏజెంటు 'గ్యారంటీ' అనే మాటే వాడలేదు, 'బెల్లా' అంటున్నాడు. అదేమిటి?
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఎమ్మెస్సీ అనే క్రూజ్ కంపెనీ పెట్టుకున్న పేరు. బెల్లా అంటే గది వాళ్లే కేటాయిస్తారు, ఫంటాస్టికా అంటే మీరు ఎంచుకోవచ్చు. నార్వీజియన్ కంపెనీ వాళ్లు 'సెయిల్ అవే' అంటారు. పేరు ఏదైనా ఒక్కటే అడగండి: 'నా గది నంబరు ఇప్పుడు రాసిస్తారా?' ఇవ్వలేమంటే అది గ్యారంటీ కిందే లెక్క.

ప్రశ్న: సింగపూర్ దాకా ఎందుకు, విశాఖ నుంచి ఓడ ఉందటగా? అందులో గ్యారంటీ తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: 2022 జూన్‌లో కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖ వచ్చి పుదుచ్చేరి, చెన్నై వైపు తిరిగింది, 2023లో విశాఖలో క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఏడాది పొడవునా ఉండదు, కాబట్టి ఈ ఏడు తేదీలేమిటో చూసుకుని అప్పుడు సెలవు పెట్టండి. ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ, అప్పట్లో దాని పేరు నార్డిక్ ఎంప్రెస్. ఆ కాలం ఓడల్లో గదులు చిన్నవి, బాల్కనీలు కొద్దిగానే ఉంటాయి, అంటే పై రకానికి జరిపే ఖాళీలూ తక్కువే. రెండు రాత్రుల ప్రయాణమైతే నేనైతే లోపలి గది, నంబరు చూసుకోకుండానే తీసుకుంటాను. ఆ రెండు రోజులూ మీరు గదిలో ఉండేది పడుకోవడానికే. పెద్దవాళ్లు వెంట వస్తుంటే మాత్రం పైన రాజోలు వారికి రాసిన జవాబు మళ్లీ ఒకసారి చదవండి.